రాజుగారికి అల్లం టీ

మొదట ఆవిడ చెప్పింది ఒక్క మేక గురించే.

అదీ పెద్ద మేకేం కాదు. "ఇదిగో, ఇంతుంది" అని టీ అత్త చేత్తో చూపించిన ఎత్తును బట్టి అది మేకపిల్లయినా అయ్యుండాలి, బాగా తిని బలిసిన పిల్లి అయినా అయ్యుండాలి. కొత్తవాళ్ళ ముందు టీ అత్త ఎప్పుడూ తగ్గించే మొదలుపెడుతుంది. కింద నుంచి మొదలుపెడితేనే కదా పైకి పోవడానికి జాగా ఉండేది!

ఆ రోజు కొత్త మనిషి ప్రాచీన స్థలాల ఆఫీసు నుంచి వచ్చిన సర్వేయరు. పొద్దుటి నుంచి రోడ్డవతల దిబ్బ చుట్టూ టేపు పట్టుకుని తిరిగి తిరిగి, మొహం ఇటుక రంగుకి వచ్చాక రోడ్డు దాటి, టీ అత్త కొట్టు ముందున్న రాతి బండ మీద కూలబడ్డాడు. టేపు పక్కన పెట్టాడు. ఆ టేపును చూడగానే టీ అత్త ఒకే గ్లాసులో రెండుసార్లు పంచదార వేసింది.

ఎందుకంటే దిబ్బ చుట్టూ కంచె ఉంది, కంచెకి బోర్డు ఉంది. చరిత్రకు ముందటి కాలపు సమాధి, రక్షిత స్థలం, ఇక్కడ తవ్వకూడదు, ఎక్కకూడదు, పశువుల్ని మేపకూడదు, దగ్గరలో ఏ కట్టడమూ ఉండకూడదు అని దాని మీద రాసుంది. తవ్వడం, ఎక్కడం, మేపడం గురించి టీ అత్తకి పేచీ లేదు. ఆ చివరి ముక్కే గొంతులో ముల్లు. దగ్గర అంటే ఎంత దగ్గరో బోర్డుకి తెలియదు, టేపుకే తెలుసు. పక్క ఊళ్ళో ఇలాంటి టేపే ఒకటి వచ్చి బట్టలు కుట్టే ఆయన కొట్టును మిషనుతో సహా ఎత్తించేసిందని బస్సు డ్రైవరు నిన్ననే కబురు మోసుకొచ్చాడు. రాత్రంతా ఆవిడకి కునుకు లేదు. కునుకు లేదంటే, గురక మధ్యలో మెలకువ వచ్చిందని అర్థం.

కొట్టంటే మహా గొప్పదేం కాదు. రేకుల కప్పు, పొయ్యి, నీళ్ళ డ్రమ్ము. కానీ వాళ్ళ మామగారు పెట్టిన కొట్టు. ఆయన ఊరంతా తిరిగి తిరిగి ఇక్కడ ఆగిందే ఈ బండను చూసి. "కూర్చోడానికి బల్ల దేవుడే వేసి పెట్టాడు, ఇక టీ కాచడమే మన పని" అన్నాడట. బండ నిండా చిన్న చిన్న గుండ్రటి గుంటలున్నాయి. టీ గ్లాసు అడుగు వాటిలో అచ్చు గుద్దినట్టు కూర్చుంటుంది, కదలదు, ఒలకదు. రోజూ వచ్చేవాళ్ళకి ఎవరి గుంట వాళ్ళదే. రిటైరైన లెక్కల మాస్టారిది బండ అంచు గుంట. అందులో ఇంకొకరి గ్లాసు కనబడితే ఆయన టీ తాగకుండానే ఇంటికెళ్ళి ఆ కోపం ఇంట్లోవాళ్ళ మీద చూపిస్తాడు. పక్కనే సైకిళ్ళు బాగుచేసే ఆయనది నడి గుంట. ఆ రోజు అతిథి కాబట్టి దాన్ని సర్వేయరుకిచ్చి, తన గ్లాసు చేత్తోనే పట్టుకుని, ఇల్లు ఖాళీ చేసినవాడిలా బెంగగా నిలబడ్డాడు.

ఇక గ్లాసులు కడిగేది మరదలు. అంటే టీ అత్త భర్తకి చెల్లెలు. ఇద్దరికీ జుట్టు నెరిసిపోయినా ఒకరి మీద ఒకరికి పెళ్ళినాటి అలకలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. టీ అత్త మాట్లాడుతుంటే వెనక నీళ్ళ చప్పుడు వినపడుతూనే ఉంటుంది. వదిన చెప్పిన ప్రతి మాటనీ గ్లాసుతో పాటు కడిగి బోర్లించడం మరదలి పని.

"మేకను తోలాను బాబూ, అంతే!" అంది టీ అత్త, సర్వేయరు గ్లాసులోకి ఎత్తు నుంచి టీ పోస్తూ. "కంచె సందులోంచి దూరి దిబ్బ మీద గడ్డి మేస్తోంది. ఈ గరిటె పట్టుకుని రోడ్డు దాటి హుష్ అన్నాను, పోయింది. ఎవరైనా తోలతారు. కానీ ఎవరూ తోలలేదు, నేనే తోలాను. అది గమనించండి. మీ ఆఫీసువాళ్ళు కంచె వేసి వెళ్ళిపోయారే గాని, ఆ దిబ్బకి దిక్కెవరు? ఈ కొట్టే. ఇక్కడి నుంచి చూస్తే దిబ్బ అరచేతిలో ఉన్నట్టుంటుంది. కొట్టు ఒక్క గజం అటు జరిగినా చెట్టు అడ్డం, ఇటు జరిగినా కరెంటు స్తంభం అడ్డం."

"మంచి పని చేశారమ్మా" అన్నాడు సర్వేయరు. టీ ఊదుకుంటూ వాచీ చూసుకుని, టేపు మీద చెయ్యి వేశాడు.

మేక చాలలేదన్నమాట.

"ఒక్క మేకా అనుకున్నారు కదూ!" అంది గబగబా. "నేనూ అలాగే అనుకున్నాను. దాని వెనక మంద ఉంది బాబూ! మంద వెనక మంద. ముందొక పోతు, దాని కొమ్ములు ఇలా మెలితిరిగి మళ్ళీ దాని చెవుల్లోకే పోయాయి, అందుకే నేను అరిచినా దానికి వినబడలేదు. నన్ను చూసి కాలు దువ్వింది. నేనూ దువ్వాను. ఏం, దాని కాలేనా కాలు? ఇద్దరం అలా దువ్వుకుంటూ ఉంటే రోడ్డు మీద బస్సు ఆగిపోయింది, బస్సు వెనక లారీ ఆగిపోయింది."

"ఏ బస్సత్తా?" అన్నాడు సైకిలాయన.

"నువ్వెక్కని బస్సు. నీకు సైకిళ్ళు తప్ప ఏం తెలుసు? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పోతు సిగ్గుపడి తల దించుకుని మందనంతా వెంటేసుకుని పోయింది. ఇప్పటికీ ఆ జాతి మేకలు ఈ దారిన రావు. మీరే చూడండి, కనుచూపు మేరలో ఒక్క మేకైనా ఉందా?"

సర్వేయరు మర్యాదగా చుట్టూ చూశాడు. మేక లేదు. ఒప్పుకుంటున్నట్టు తలూపి, గ్లాసు ఖాళీ చేసి, లేవబోయాడు.

"కూర్చోండి బాబూ, ఇంత ఎండలో ఎక్కడికి? ఇంకో టీ!" టీ అత్త అతని భుజం పట్టి కూర్చోబెట్టినంత పని చేసింది. "దొంగల సంగతి చెప్పనే లేదు."

"దొంగలు కూడానా" అంది మరదలు నీళ్ళ చప్పుడు మధ్య.

"గడ్డపారలతో వచ్చారు. పట్టపగలు. దిబ్బ కింద బంగారం ఉందని ఎవరో చెప్పారట. ఒక్కొక్కడు తలుపంత ఉన్నాడు. నా దగ్గర ఆయుధాలేమున్నాయి? ఈ గరిటె, ఈ నోరు. గరిటె కింద పెట్టి నోరు తెరిచాను. నా మోకాళ్ళ నొప్పి ఎలా మొదలైందో చెప్పడం మొదలుపెట్టాను బాబూ! ఎడమ మోకాలు పూర్తయ్యేసరికి ఒకడు ఆవలించాడు. కుడి మోకాలు సగంలో ఉండగా ఇంకొకడు గడ్డపార మీద గడ్డం ఆనించి నిద్రపోయాడు. నడుము దగ్గరికి ఇంకా రానే లేదు, వాళ్ళ నాయకుడు చేతులు జోడించి, 'అమ్మా, మమ్మల్ని పోలీసులకి అప్పగించెయ్, వాళ్ళైతే మధ్యలో ఎక్కడో అక్కడ ఆపుతారు' అన్నాడు."

"ఇది మాత్రం నిజమై ఉంటుంది" అన్నాడు లెక్కల మాస్టారు. "ఆ మోకాళ్ళ కథ నేనూ విన్నాను. నేనే లొంగిపోదామనుకున్నాను."

అందరూ నవ్వారు. సర్వేయరు కూడా నవ్వాడు. నవ్వుతూనే టేపును చుట్టి సంచిలో పెట్టుకోబోయాడు. సంచిలోకి పోతోందంటే కొలవడం అయిపోయిందన్నమాట, కొలవడం అయిపోయిందంటే తన కొట్టు పని కూడా అయిపోయిందన్నమాట అని టీ అత్త లెక్క కట్టుకుంది. ఆవిడ లెక్కలు మాస్టారి లెక్కల కంటే వేగంగా, తప్పుగా నడుస్తాయి.

"బుల్డోజరు!" అని అరిచింది.

సర్వేయరు ఉలిక్కిపడ్డాడు. టేపు బండ మీదే ఉండిపోయింది.

"బుల్డోజరొచ్చింది బాబూ, రోడ్డు వెడల్పు చేస్తామని. ఇల్లంతుంది. ఇల్లేమిటి, ఇంటి మీద ఇల్లు. సరాసరి దిబ్బ మీదికి పోతోంది. నేనేం చేశాను? టీ పొయ్యి మీదుంది, పొంగడానికి సిద్ధంగా ఉంది, అంటే నాకున్నది రెప్పపాటే. పరిగెత్తాను..."

"మోకాళ్ళు?" అన్నాడు సైకిలాయన.

"నొప్పి తర్వాత వచ్చింది. పరిగెత్తి, దానికీ దిబ్బకీ మధ్యలో నిలబడి, వీపు ఆనించాను. అది ముందుకి నెడుతోంది, నేను వెనక్కి నెడుతున్నాను. అది పొగ వదిలింది, నేనొక నిట్టూర్పు వదిలాను. దాని చక్రాలు తిరుగుతున్నాయి గాని బండి మాత్రం వచ్చిన దారినే వెనక్కి పోతోంది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, 'అమ్మా, నెమ్మదిగా నెట్టు, నాకు కళ్ళు తిరుగుతున్నాయి' అని ఏడుపు."

"చెల్లెమ్మా, బుల్డోజరు బరువెంతో నీకు తెలుసా?" అన్నాడు మాస్టారు, ఇక ఊరుకోలేక.

"నా బరువెంతో మీకు తెలుసా మాస్టారూ? తెలియదు కదా! సగం తెలియకుండా లెక్కెలా కడతారు? పిల్లలకి కూడా ఇలాగే చెప్పారా?"

మాస్టారు తన గుంటలోని గ్లాసు తీసుకుని టీ తాగాడు.

"టీ పొంగిపోయి ఉంటుంది" అంది మరదలు.

"పొంగలేదు! నేను రాకుండా అది పొంగుతుందా? నా చేతి టీ అది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ గోలకి, ఈ నెట్టుడుకి, దిబ్బ కదిలింది. మట్టి జలజలా రాలింది. దిబ్బలోంచి ఒక తల బయటికొచ్చింది. ఎవరనుకున్నారు? రాజుగారు!"

సైకిలాయన గ్లాసు కింద పెట్టడానికి తన గుంట కోసం చూసి, అది తనది కాదని గుర్తొచ్చి, మళ్ళీ చేత్తోనే పట్టుకున్నాడు.

"'ఎవరమ్మా అది?' అన్నాడు. 'ఇన్ని వేల ఏళ్ళుగా పడుకున్నాను, ఇంత నోరు ఎక్కడా వినలేదు' అన్నాడు."

"ఏ భాషలో అన్నాడత్తా?"

"మన భాషలోనే. నా మాటలు రోజూ వింటున్నాడు కదా! వినగా వినగా వచ్చేసింది. మనిషి బాగా చిక్కిపోయాడు పాపం, అన్నీ ఎముకలే. ఎవరైనా ఏం చేస్తారు? కూర్చోండి, టీ తాగండి అన్నాను. అల్లం టీ కాచిచ్చాను. ఒక గుక్క తాగి, 'అల్లం తగ్గింది' అన్నాడు. చూశారా! నాలుకే లేని మనిషికి అల్లం తగ్గిందని తెలిసింది! నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళలో ఈ టీకి ఒక్కళ్ళు వంక పెట్టలేదు."

"నేను పెట్టాను" అంది మరదలు.

"నువ్వు లెక్కలోకి రావు."

"ఆయన తాగిన గ్లాసు ఎవరు కడిగారు?"

"నువ్వే కడిగావు. నీకు గుర్తులేదు. నీకేదీ గుర్తుండదు." టీ అత్త సర్వేయరు వైపు ఇంకాస్త వంగి, గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గిస్తే వీధి చివర వరకే వినపడుతుంది. "తాగి లేస్తూ రాజుగారు ఏమన్నాడో తెలుసా బాబూ? 'అమ్మా, నువ్విక్కడ ఉన్నావనే ధైర్యంతోనే నేను కన్ను మూసి పడుకుంటున్నాను. నీ కొట్టు కదిలిందా, నా నిద్ర చెడిందే. ఎవరొచ్చి అడిగినా నా మాటగా చెప్పు' అన్నాడు. అదీ సంగతి. నేను కాదు, ఆయనన్నాడు. మీరు మీ పెద్దవాళ్ళకి ఆ ముక్క చెప్పండి. ఆ తర్వాత ఆయన లోపలికి వెళ్ళి పడుకుంటే, నేనే తలుపు మూశాను. ఒక చేత్తో. రెండో చేతిలో కెటిలుంది."

సర్వేయరు మొట్టమొదటిసారి ఒక ప్రశ్న అడిగాడు. నిజంగా తెలుసుకుందామని కాదు. పెద్దావిడ అంతసేపు చెప్పింది, ఏదో ఒకటి అడగకపోతే బాగోదని అడిగాడు.

"తలుపు ఎలా ఉంటుందమ్మా?"

టీ అత్త నోరు తెరిచింది. మేకకి కొమ్ములు పెట్టిన మనిషి, ఎముకలకి టీ పోసిన మనిషి, తలుపు దగ్గర ఆగిపోయింది. తలుపు గురించి ముందు ఆలోచించుకోలేదు. ఆవిడ కళ్ళు పొయ్యి మీదికి పోయాయి, డ్రమ్ము మీదికి పోయాయి, సైకిళ్ళ మీదికి పోయాయి, ఎక్కడా తలుపు దొరకలేదు. చివరికి సర్వేయరు కాళ్ళ దగ్గరికొచ్చి ఆగాయి.

"రాయి" అంది. "రాతి తలుపు. నల్లటి బండ. ఇంత మందం. ఒక మూల విరిగి ఉంటుంది. మీద... మీద చిన్న చిన్న గుంటలు. గుండ్రంగా. ఎవరో కూర్చుని ఓపిగ్గా తొలిచినట్టు. ఒకటి నడి మధ్యలో, మిగతావి దాని చుట్టూ."

మరదలు గ్లాసులు వదిలేసి లేచి నిలబడింది.

"ఓసి వదినా! ఆ కోతలేవో కాస్త దూరంలో కోయకూడదూ! ఆ తలుపు మీదే కదా ఈయన కూర్చున్నాడు! ఆ నడి గుంటలోనే కదా ఈయన గ్లాసు పెట్టావు!"

సైకిలాయన పగలబడి నవ్వాడు. మాస్టారికి టీ పొలమారింది. టీ అత్త కూడా, పట్టుబడినప్పుడల్లా చేసే పనే చేసింది, అందరికంటే గట్టిగా తనే నవ్వేసింది.

సర్వేయరు మాత్రం నవ్వలేదు.

నడి గుంటలోంచి గ్లాసు తీసి పక్కన పెట్టాడు. గుంటలో వేలు పెట్టి తడిమాడు. లేచి, మోకాళ్ళ మీద కూర్చుని, బండ అంచు కింద మట్టిని అరచేత్తో తుడిచాడు. మళ్ళీ లేచి పొయ్యి కింది రాయిని చూశాడు. అక్కడి నుంచి డ్రమ్ము పెట్టిన రాయి దగ్గరికి నడిచాడు. అక్కడి నుంచి సైకిళ్ళు ఆనించే రాయి దగ్గరికి. మరదలు కూర్చుని గ్లాసులు కడిగే రాయి దగ్గరికి. గుండ్రంగా తిరిగి మళ్ళీ బండ దగ్గరికే వచ్చాడు.

"వాన పడితే ఇక్కడ నీళ్ళు నిలుస్తాయా?" అన్నాడు.

"వీధంతా నిలుస్తాయి, ఇక్కడ తప్ప" అన్నాడు మాస్టారు.

"నా చేతి చలవ" అనబోయి టీ అత్త సగంలో ఆగింది.

"చలవ కాదమ్మా. మీరున్నది ఎత్తు మీద. చాలా కాలం కిందట పోసిన మట్టి, అరిగి అరిగి ఇంతే మిగిలింది. ఇవి చుట్టూ పాతిన రాళ్ళు. ఇది పైన కప్పిన బండ. ఆ గుంటలు చేత్తో తొలిచినవే. సమాధి ఇది."

"మరి అది?" టీ అత్త గరిటె రోడ్డవతలికి తిరిగింది.

"అది కాలవ తవ్విన మట్టి. వానకి కోసుకుపోయిన చోట పొద్దున చూశాను, లోపల ప్లాస్టిక్ చెప్పు ఉంది."

"రాజుగారిదేమో" అన్నాడు సైకిలాయన.

సర్వేయరు పాపం మంచివాడు. ఆ తర్వాతి మాట నేలకేసి చూస్తూ చెప్పాడు. "ఈ ఊళ్ళో ఒక సమాధి ఉందని ఎప్పటి నుంచో చెప్పుకుంటున్నారమ్మా. ఎవరో వచ్చి, ఎత్తుగా కనబడిందని దానికి కంచె వేసి పోయినట్టున్నారు. అది సమాధి కాదు, ఇక్కడ సమాధే లేదు, కంచె తీసేయొచ్చు అని చెప్పడానికే నేను బయల్దేరాను. బస్సుకి టైమైందని లేస్తుంటే మీరే కూర్చోబెట్టారు."

"అంటే... నేను నోరు మూసుకుని ఉంటే?"

"బస్సెక్కేసేవాణ్ణి."

"నా కొట్టు?"

"మీ కొట్టు జోలికి ఎవరూ వచ్చేవారు కారు."

సరిగ్గా అప్పుడే ఆ బస్సు హారను కొట్టుకుంటూ ఖాళీగా వెళ్ళిపోయింది. పొయ్యి మీద టీ పొంగి, మామగారి నాటి రాయి మీద సుయ్యిమంది. ఎవరూ దాన్ని దించలేదు. టీ అత్త బండ వైపు చూసింది. మామగారు కూర్చున్న బండ. ఆవిడ కొత్తగా వచ్చినప్పుడు ఏడుస్తూ కూర్చున్న బండ. అవతలి దిబ్బ గురించి ఇన్నేళ్ళు ఇక్కడే కూర్చుని కోసింది, అసలు రాజు నెత్తి మీద కూర్చుని. ఆయన కింద నుంచి అన్నీ వింటూనే ఉండి ఉంటాడు.

చివరికి ఆవిడ గరిటెతో తన నోటి మీద తనే ఒకటి తగిలించుకుంది.

"బాబూ, ముందు దీనికి వేయించండి కంచె. బోర్డు కూడా పెట్టించండి, ఎవరూ తెరవకూడదని."

మరదలికి నవ్వొచ్చింది గాని నవ్వలేదు. వదిన చేతిలోంచి గరిటె తీసుకుని, పొంగిన టీని తనే దించింది. వదిన కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ పొయ్యి మీద చెయ్యి వేయడం ఆమెకి అదే మొదటిసారి.

కంచె రోడ్డు దాటి ఇటొచ్చింది. కొట్టు రోడ్డు దాటి అటు పోయింది. ఖాళీ అయిన మట్టి దిబ్బ మీద ఎవరైనా ఏమైనా పెట్టుకోవచ్చన్నారు కాబట్టి, టీ అత్త సరిగ్గా దాని నెత్తిన పెట్టింది. ఇప్పుడు ఆ టీ తాగాలంటే ఎక్కాలి. ఎక్కేసరికి ఆయాసం, ఆయాసానికి టీ ఇంకా రుచి. బండకి బదులు చెక్క బల్ల వేశారు. మొదటి రోజే గ్లాసులన్నీ జారిపోయి మాస్టారు ఇంటి దారి పట్టాడు. మర్నాడు సైకిలాయన పాత ట్యూబులను గుండ్రంగా కోసి బల్ల నిండా అతికించాడు, ఎవరి చక్రం వాళ్ళకి. మాస్టారిది అంచున, తనది నడి మధ్యలో.

ఒక సాయంత్రం కొత్తవాళ్ళెవరో దిబ్బ ఎక్కి వచ్చి, కింద కొత్త కంచెలో ఉన్న బండను చూపించి అదేమిటని అడిగారు. టీ అత్త అల్లం కాస్త ఎక్కువే వేసింది. ఎందుకైనా మంచిదని ఆ రోజు నుంచీ ఎక్కువే వేస్తోంది.

"అదా? ఏముంది లెండి, రాయి" అని తగ్గించే మొదలుపెట్టింది. "పెద్ద పెద్ద ఆఫీసర్లు వచ్చారు. టేపులు తెచ్చారు, భూతద్దాలు తెచ్చారు, విమానం మీద నుంచి కూడా చూశారు. ఒక్కళ్ళకి అంతుపట్టలేదు. అందరూ తలలు పట్టుకుని కూర్చున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నోరు తెరిచి, ఇదిగో, మీరు కూర్చున్నదే రాజుగారి తలుపు అని, ఆ మాట మొట్టమొదట అన్నదెవరో చెప్పుకోండి చూద్దాం!"

వెనక నీళ్ళ చప్పుడు ఆగింది.

"నేను" అంది మరదలు, గ్లాసు బోర్లిస్తూ.